తిరువూరు మొదలు బందరు వఱకు: మూడు దినముల బేరసారములు

ప్రయాణమనగా మన యిండ్లలో స్త్రీలకు తఱచుగా మూడే విధములు. పుట్టింటికి పోవుట యొకటి, పెండ్లికి పోవుట యొకటి, తీర్థమునకు పోవుట యొకటి. ఈ మూడింటను మనము ఒకరి వెంట పోవుదుము. ఒకరు నిర్ణయించిన వేళకు తిరిగి వత్తుము. చూడవలెనని చూచుటకును, కొనవలెనని కొనుటకును, దారిలో మనసైన చోట బండి నాపించి దిగుటకును మనకు అవకాశము తక్కువ. అట్టి ప్రయాణమొకటి గడచిన మార్గశిరమున మాకు లభించినది. దాని ముచ్చటలను, అందు మేము చేసిన యొక పొరపాటును సోదరీమణులతో చెప్పుకొనుటకే ఈ నెల ఈ శీర్షికను వినియోగించుచున్నాము.

మాది తిరువూరు. వెనుక కృష్ణాజిల్లాలోనిది, 2022 ఏప్రిలు మొదలుకొని ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. తెలంగాణమునకు పొలిమేర యూరు, చుట్టును మామిడితోటలు. మా వదినగారి యింట మాఘమాసమున పెండ్లి. పెట్టుపోతలకు చీరలు కావలెను. సంక్రాంతి కొలువునకు బొమ్మలు కావలెను. పెండ్లికూతురునకు నిత్యము పెట్టుకొనుటకు తేలికపాటి నగలు కావలెను. వీటి కొఱకు వదినగారు రెండేండ్లు చీటీ కట్టి నలువదివేల రూపాయలు కూడబెట్టిరి. ఆ సొమ్ములోనే మోటారు అద్దె, బస, భోజనము కూడ సరిపోవలెనని నిర్ణయము. వదినగారు, పెండ్లికూతురు, మా పిన్నమ్మగారు, మేము, ఇట్లు నలుగురము బయలుదేరితిమి. మా వీథి కుఱ్ఱవాడే బండి నడపెను.

పిన్నమ్మగారిని వెంట దీసికొనిపోవుటకు కారణము కలదు. బేరములో ఆమెను మించినవారు మా వీథిలో లేరు. కూరలబండివాడు ఆమె గుమ్మము ముందర రెండు రూపాయలు ఎక్కువ చెప్పియే మొదలుపెట్టును. ఎట్లును ఆ రెండు రూపాయలు పోవునని వానికి తెలియును. "బేరమాడని కొనుగోలు ఉప్పులేని కూర" అని ఆమె మాట.

తెల్లవాఱుజామున బయలుదేరి ఏ. కొండూరు, మైలవరముల మీదుగా పోయి, ఎండ ముదురకమునుపే కొండపల్లి చేరితిమి. మొదట కోట చూచితిమి. ఇది 14వ శతాబ్దిలో రెడ్డిరాజుల కాలమున వెలసినదందురు; పిమ్మట గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు దీనిని ఏలిరి. శిథిలమైన మూడంతస్తుల మహలుమీద నిలిచి చూడగా చుట్టును కొండలే. ఆ కొండలలోనే తెల్లపొణికి చెట్లు పెరుగును. బొమ్మలకు ప్రాణము ఆ కఱ్ఱయే.

కోట దిగి బొమ్మలవారి యిండ్లకు పోతిమి. ఒక ముసలాయన అరుగుమీద అంబారీ ఏనుగును, పల్లకిలో పెండ్లికూతురును ఉంచి కూర్చుండెను. రెండింటికి తొమ్మిదివందలనెను. పిన్నమ్మగారు నాలుగువందలతో మొదలుపెట్టిరి. రెండుమార్లు లేచి నడచిరి. రెండుమార్లు తిరిగి వచ్చిరి. తుదకు ఆఱువందల యేబదికి తెగినది. ఆయన మాఱుమాటాడక కాగితములో చుట్టి యిచ్చెను. మేమును సంతోషించితిమి, దాచనేల?

అంతట పెండ్లికూతురు, బొమ్మ చేయుట చూడవలెనని పట్టుపట్టెను. లోపల ఆయన భార్య, కోడలు, కొడుకు పనిలో నుండిరి. తెల్లపొణికి మిక్కిలి తేలికైన మెత్తని కఱ్ఱ. దానిలోని చెమ్మ పోవునట్లు సన్నని సెగకు కాచి ఆఱబెట్టుదురు. తల వేఱు, మొండెము వేఱు, కాలుసేతులు వేఱుగా చెక్కి, చింతపిక్కల పొడియు రంపపుపొట్టును కలిపి చేసిన మక్కుతో అతుకుదురు. అతుకులు ఆఱిన పిమ్మట ఆకురాయితో నునుపుచేసి, సున్నము పూసి, అదియు ఆఱిన పిమ్మట మేకవెండ్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. మేము చూచుచుండగా కోడలు ఏనుగునకు ఒక కాలు అతికి ప్రక్కన పెట్టెను. "రెండవ కాలో?" అని పిన్నమ్మగారు. "ఇది ఆఱవద్దాండీ?" అని ఆమె.

పిన్నమ్మగారు కొంతసేపు మాటాడలేదు. లేచి వచ్చునపుడు తాటిచెట్టెక్కు గీతకార్మికుని బొమ్మ నొకదానిని చేతబట్టి "దీనికెంత?" అనిరి. "నాలుగువందలమ్మా" అని ముసలాయన. ఆమె నాలుగువందలును లెక్కించి యిచ్చి బండి యెక్కిరి. మేము ఆశ్చర్యముతో చూడగా, "ఒక కాలు ఆఱిందాకా ఇంకో కాలు పెట్టకూడదట. బేరమాడేటప్పుడు ఆ లెక్క నాకు తెలియలేదు" అనిరి.

ఆ సాయంకాలమునకు విజయవాడలో బస కుదిరినది. ఇంద్రకీలాద్రిమీద కనకదుర్గమ్మను దర్శించి, ప్రకాశం బ్యారేజీ మీద నడచితిమి. ఇచట 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట యుండెడిది. దాని స్థానమున ఈ బ్యారేజీ 1957లో వచ్చినది. కృష్ణాడెల్టా పొలములన్నియు ఈ నీటినే త్రాగి పండుచున్నవి. దీపములు పెట్టిన పిమ్మట బజారునకు పోతిమి. మా పొరపాటు జరిగినది ఇచటనే.

ఒక దుకాణమున "అసలు మంగళగిరి నేత చీరలు, తగ్గింపు ధరలు" అని పలక కట్టియుండెను. చీటీమీద రెండువేల నాలుగువందలు అని వ్రాసి కొట్టివేసి, క్రింద పదునొకండువందలని ఎఱ్ఱసిరాతో వ్రాసిరి. పిన్నమ్మగారు దానిని తొమ్మిదివందల యేబదికి దింపిరి. ఆఱు చీరలు తీసికొంటిమి; అయిదువేల యేడువందలైనది. ఒక్కొక్క చీరకు పదునాలుగువందలకు పైగా మిగిలినదని వదినగారు రాత్రి లెక్కవేసిరి. ఖర్చు పెట్టిన సొమ్ము గాక మిగిలిన సొమ్మును లెక్కపెట్టుకొనుచు నిదురపోవుట మన స్త్రీలకు అలవాటు. ఆ మిగులు దుకాణదారుడు వ్రాసిన అంకెలలో మాత్రమే యున్నదని అప్పటికి మాకు తోచలేదు.

రెండవ దినము ఉదయమున ఉండవల్లి గుహలు చూచితిమి. కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలచిన కట్టడమది. లోపల ఏకశిలయందు చెక్కిన అనంతపద్మనాభుడు శయనించియుండును. కట్టినదానికన్న తొలిచినదానియందు తప్పునకు తావు తక్కువ. ఒక దెబ్బ ఎక్కువైనచో అతికించుటకు వీలులేదు. అచటినుండి మంగళగిరికి పోయి, కొండమీద పానకాలస్వామికి బెల్లపు పానకము సమర్పించి, సగము తిరిగి ప్రసాదముగా పుచ్చుకొంటిమి. దిగువ లక్ష్మీనరసింహస్వామి ఆలయమున తూర్పు గాలిగోపురము 1807–09 సంవత్సరములలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు కట్టించినది. పదునొకండంతస్తులు; 153 అడుగుల ఎత్తు.

ఆ గోపురపు నీడదాటి నేతవారి వీథిలోనికి పోతిమి. ఒక యింట గృహిణి రాట్నముమీద కండెలు చుట్టుచుండెను; భర్త గుంటమగ్గములో కాళ్లుంచి నేయుచుండెను. పిన్నమ్మగారు నిన్నటి చీర నొకదానిని సంచిలోనుండి తీసి, "ఈ రంగులోనే ఇంకొకటి ఉన్నదా?" అని అడిగిరి. ఆమె చీరను రెండువ్రేళ్ల నడుమ నలిపి, అంచు వెలుతురునకు పట్టి చూచి, సంకోచముతో, "ఇది మా మగ్గం మీది కాదమ్మగారూ, మరమగ్గానిది" అనెను.

పిన్నమ్మగారికి కోపము వచ్చినది. "దుకాణం వాడు పలక కట్టి మరీ అమ్మాడే!" అనిరి. ఆమె వాదింపక, మగ్గముమీది బట్టను చూపెను. నేయుచుండగా వెడల్పు తగ్గకుండ రెండంచులకును సూదిమొనలుగల బద్దనొకదానిని గుచ్చి నిలుపుదురు. ఆ సూదుల జాడ అంచు పొడవునను సన్నని చిల్లులై కనబడును. మఱియు చేతి నేతలో పేక ఒకచోట రవ్వంత బిగువు, ఒకచోట రవ్వంత వదులుగా నుండును; నేయువాని చేయి మరవలె కొలచినట్లు పడదు గదా. మా చీరలో ఆ చిల్లులును లేవు, ఆ హెచ్చుతగ్గులును లేవు. అయితే మరమగ్గపు బట్టకును ఒక్కొక్కప్పుడు అంచున అట్టి జాడలుండును గనుక ఆ గుర్తు నొక్కదానినే నమ్మరాదని ఆమెయే చెప్పెను. 2006 నుండి ప్రభుత్వమువారు ఇచ్చుచున్న చేనేత ముద్ర చీటీ యున్నదా, సహకార సంఘము రసీదు ఇచ్చునా అని అడుగుట మేలు. కొన్ని రకముల చీరలను చేతిమగ్గముమీదనే నేయవలెనని 1985లో పార్లమెంటు చట్టము కూడ చేసినది. కాని చట్టము మనతో బజారునకు రాదు. మన కన్నులే రావలెను.

వదినగారి ముఖము చిన్నబోయినది. ఆ ఆఱు చీరలలో నొకటి వియ్యపురాలికి పెట్టవలసినది. ఆ వియ్యపురాలి పుట్టిల్లు చీరాల. చేనేత యేదో, కానిదేదో ముట్టినంతనే చెప్పగలరు. "మంగళగిరి చీరయని చెప్పి మరచీర పెట్టినారు" అను మాట పెండ్లిపందిటిలో నొకసారి పుట్టినచో, అది పిల్లతోకూడ అత్తవారింటికి పోవును. ఆడపిల్ల తల్లికి ఇంతకుమించిన జంకు ఏమున్నది? దుకాణమునకు తిరిగి పోవుదమా యని మేమంటిమి. "అమ్మిన సరుకు తిరిగి తీసికొనబడదు" అని బిల్లు మీద అచ్చయియే యుండెను.

అపుడు పిన్నమ్మగారు మగ్గమువద్ద కూర్చుండి, మేమెన్నడును వినని ప్రశ్న అడిగిరి: "ఒక చీరకు నీకేం మిగులుతుంది నాయనా?" నేతగాడు పని నిలిపి చెప్పెను. నూలు ధర ఇంత, జరీ ధర ఇంత, రంగు అద్దకమునకు ఇంత. పడుగు పోయుట, గంజి పెట్టుట, కండెలు చుట్టుట ఇంటి ఆడువారి పని, దానికి వేఱుగా కూలి కట్టుకొనుట లేదు. రెండు మూడు దినములకు ఒక చీర దిగును. ఆ కట్టుకొనని కూలి మాట విన్నప్పుడు మా నలుగురి చూపులును రాట్నము దగ్గఱ నున్న ఆమెమీదికి పోయినవి. ఇంటిపనికి లెక్క కట్టకుండుట మన కెఱుగనిదా?

చీర పందొమ్మిదివందలనెను. నాలుగు తీసికొనుచున్నాము గనుక చీరకు నూఱు తగ్గింపుమనిరి పిన్నమ్మగారు. ఆయన సంతోషముగా ఒప్పుకొనెను. నాలుగు చీరలకు ఏడువేల రెండువందలు. ఇది బేరము కాదా యనిన, మా దృష్టిలో బేరమనిన నిదియే: వస్తువు వెల ఎందుచేత అంత యైనదో తెలిసికొని, తగ్గుటకు న్యాయమున్నచోట తగ్గింపుమనుట. ఈ సొమ్ము సరిపుచ్చుటకు వదినగారు తమకొఱకు కొనదలచిన పట్టుచీరను మానుకొనిరి. ఆ మాట పెండ్లికూతురు వినకుండ మాతో చెప్పిరి.

మూడవ దినము బందరు దారి పట్టితిమి. కోతలైన పొలములలో వరికుప్పలు నిలిచియున్నవి. దారిలో మాకొక సంగతి జ్ఞప్తికి వచ్చి చెప్పితిమి. కలిగినవారు ఇటలీదేశమునకు పోయి, మోటారులో ఊరూరు తిరిగి, పాత దేవాలయములను చూచి, తోలుసంచులను బేరమాడి కొనివచ్చుట నేడు విందుము. ఆ ఇటలీలోని వెనీసు నగరవాసి మార్కోపోలో 13వ శతాబ్ది చివర మన తీరమును గూర్చి వ్రాసినాడు. మోటుపల్లి రేవు గల ఆ రాజ్యమును ఏలిన రాణిని, అనగా రుద్రమదేవిని, ప్రశంసించి, ఇచటి బట్టలు సాలెగూటివలె సన్ననివని మెచ్చినాడు. వారి దేశము చూచి మనము మురిసిపోవుచున్నాము. మన బట్ట చూచి వారు మురిసిరి!

బందరు రేవున డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను వర్తకశాలలు పెట్టిరి. ఇచటి అద్దకపు బట్టలు ఐరోపా స్త్రీలకు ఎంత ప్రీతియైనవనగా, తమ నేతవారి వృత్తి పోవుచున్నదని ఫ్రాన్సువారు 1686లోను, ఇంగ్లండువారు 1700లోను వాటిని నిషేధించి శాసనములు చేసిరి. 1719లో లండను వీథులలో అద్దకపు గౌనులు తొడుగుకొన్న స్త్రీలమీద అచటి నేతపనివారు పడి ఆ గౌనులు చింపిరి. తరువాత శతాబ్దిలో కథ తిరగబడినది: వారి మరబట్ట చౌకగా వచ్చి మన మగ్గములను నిలిపివేసినది. 1905 ఆగస్టు 7న కలకత్తాలో ప్రకటితమైన స్వదేశీ ఉద్యమము ఆ బాధనుండి పుట్టినదే. ఆ దినమునే 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. చౌక ధర ఒక యింట లాభమై మఱియొక యింట పొయ్యి ఆర్పగలదని ఈ కథ చెప్పుచున్నది.

మంగినపూడి సముద్రమున కాళ్లు తడిపికొని, చిలకలపూడిలో పాండురంగని దర్శించి, అచటి గిల్టునగల అంగళ్లకు పోతిమి. రాగిమీద పలుచని బంగారుపూత వేసి చేయు ఈ నగలకు దేశమంతట పేరు. పెండ్లికూతురు ఒక గొలుసు మెడలో పెట్టుకొని అద్దములో చూచుకొనుచుండగా, "బంగారమే అనుకుంటారు" అని పిన్నమ్మగారనిరి. అమ్మువాడు నవ్వి, "బంగారం కాదమ్మా, గిల్టే. ఏడాది దాటితే పూత తగ్గుతుంది, తెస్తే మళ్లీ వేయిస్తాం" అనెను. ఇచట కూడ అసలును పోలినదే అమ్ముచున్నారు. కాని గిల్టు గిల్టు అను పేరుతోనే అమ్ముడగుచున్నది. మా చీరకు వచ్చిన చిక్కు బట్టది కాదు, పేరుది. మరమగ్గము నడుపువాడును కష్టజీవియే. అతని బట్ట అతని పేరుతో అమ్మిన ఎవరికి అభ్యంతరము?

బందరు లడ్డు కట్టించుకొని పెడనకు పోతిమి. సెనగపిండి పూసను దంచి జల్లించి, బెల్లపుపాకముతోను నేతితోను మరల దంచి చేయుదురు గనుక దీనిని తొక్కుడులడ్డు అనియు అందురు. నోట వేసికొన్న కరగిపోవును. పెడనలో కలంకారీ అద్దకము చూచితిమి. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. ఇచట టేకుచెక్క అచ్చులతో అద్దుదురు. బట్టను ముందుగా కరక్కాయ నీటిలో ముంచి ఆఱబెట్టుదురు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లముతో నానబెట్టి తీసిన నీటితో అద్దినచో, కరక్కాయలోని వగరుతో కలసి అది నలుపెక్కును. పచ్చి అరటికాయ కోసిన ఇనుపకత్తి నల్లబడుట మనము నిత్యము చూచునదే. ఆ గుణమే ఇచట చిత్రకళయైనది. ఎఱుపునకు పటిక అద్ది రంగుకాగులో ఉడుకబెట్టుదురు. పాఱు నీటిలో ఉతికి ఎండబెట్టుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు. ఇచట కూడ తెర అచ్చుతో రసాయనపు రంగులు వేసి కలంకారీయని అమ్ముటయు కలదు. పిన్నమ్మగారు ఈసారి ధర అడుగకమునుపే, "ఇది చెక్క అచ్చా, తెర అచ్చా?" అని అడిగిరి. అడిగినవారికి నిజమే చెప్పిరి. పెండ్లికూతురునకు చెక్క అచ్చు దుప్పటి యొకటి, ఇంటి వాడుకకు తెర అచ్చువి రెండు, వాటి వాటి వెలకు తీసికొంటిమి.

గుడివాడ, హనుమాన్ జంక్షను, నూజివీడు, విస్సన్నపేటల మీదుగా రాత్రికి ఇల్లు చేరితిమి. నూజివీడు దాటిన పిమ్మట దీపపు వెలుతురులో మామిడితోటలయందు అక్కడక్కడ పూత కనబడినది. చీటీసొమ్ములో పదునొకండువందలు మిగిలినవి.

ఇట్టి ప్రయాణము చేయదలచు సోదరీమణులకు మా మనవి. కొనవలసిన వస్తువుల పట్టికయు, ఒక్కొక్కదానికి సొమ్మును ఇంటివద్దనే వ్రాసికొనుడు. చేయుచోటును మొదట చూడుడు, అమ్ముచోటికి పిమ్మట పొండు. మేము చీరల విషయమున దీనిని తలక్రిందులు చేసియే చెడితిమి. కొట్టివేసిన అంకెను నమ్మకుడు. "ఇది చేతిదా, మరదా?" అని సిగ్గుపడక అడుగుడు. వస్తువు చేసినవారితో బేరమాడునపుడు వారి లెక్క విని ఆడుడు. ఉదయపు వేళ దర్శనములకు, ఎండవేళ కొనుగోళ్లకు ఉంచుకొన్నచో అలసట తక్కువ.

ఇక ఆ ఆఱు చీరల సంగతి. ఎవరికైన అంటగట్టుదమని వచ్చిన చుట్టమొకామె సలహా చెప్పినది. వదినగారు ఒప్పుకొనలేదు. పిన్నమ్మగారు ఒక్కొక్క మడతలో చిన్న కాగితము ఉంచి, దానిమీద తమ వంకరటింకర అక్షరములతో "మరమగ్గము చీర, రూ. 950" అని వ్రాసిరి. పెండ్లిలో సహాయమునకు వచ్చు ఆడువారికి అట్లు చెప్పియే పెట్టుదురట. అందులో ఒకటి తమకు కావలెనని ముందుగానే అడిగి పుచ్చుకొన్నవారు పిన్నమ్మగారే.